బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

పోయిన మాఘమాసం పెళ్ళిళ్ళలో బరంపురం నుంచి పలాస వైపు ఒక పెళ్ళికి బయల్దేరాం. కారులో నేను, మా ఆవిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు. రాత్రి 8 దాటింది. ఇచ్ఛాపురం దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగింది. 'రెండు నెలల కిందటే కొత్త బ్యాటరీ వేయించాం కదా, ఏం కాదులే' అనుకుని నడుపుతూనే ఉన్నాను. కాసేపటికి హెడ్‌లైట్లు పసుపు రంగుకి తిరిగాయి. బ్లోయరు గాలి తగ్గింది. స్టీరింగు బరువెక్కింది. కంచిలి దరిదాపుల్లో బండిని రోడ్డు పక్కకి లాగేసరికి ఇంజిన్ ఆగిపోయింది. పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే, చీకట్లో, కనీసం పార్కింగ్ లైటు కూడా వెలగని కారులో అమ్మని, పిల్లల్ని కూర్చోబెట్టుకుని గంటన్నర ఉన్నాం.

మర్నాడు ఉదయం ఒక పెద్దాయన, పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్, బానెట్ ఎత్తి చూశారు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు స్పానర్ పట్టుకుని, "బ్యాటరీ టెర్మినల్ పీకి చూద్దామా మావా?" అన్నాడు. "వద్దురా. ఇది పాత అంబాసిడర్ కాదు, కంప్యూటర్ పోతాది" అని ఆయన వారించి, జేబులోంచి మీటరు తీసి రెండు పుల్లలు పెట్టారు. బయటి బ్యాటరీ తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తే అంకె 12.1 దగ్గరే ఉంది. "బాబూ, మీ బ్యాటరీ మంచిదే. దానికి తిండి పెట్టే డైనమో పని చెయ్యట్లేదు. అప్పుడు బ్యాటరీ మార్చినోళ్ళు మీటరు పెట్టి చూశారేటి?" అని అడిగారు. ఎవరూ చూడలేదు. చూడమని నేనూ అడగలేదు. డైనమో విప్పితే లోపల కార్బన్ బ్రష్‌లు గోరంత మిగిలి ఉన్నాయి. చిన్న ముక్కలు రెండు మార్చాల్సిన చోట నేను బ్యాటరీ మొత్తం కొన్నాను. అంతకంటే పెద్ద విషయం, ఇంటిల్లిపాదినీ రాత్రిపూట హైవే మీద నిలబెట్టాను.

ఆ రోజు ఆయన దగ్గర, ఆ తర్వాత సొంతంగా మీటరు కొనుక్కుని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇంజిన్ విప్పనక్కర్లేదు. పావుగంట చాలు. 'బ్యాటరీ డౌన్' అని ఎవరు చెప్పినా డబ్బు తీసే ముందు ఈ అంకెలు చూసుకోండి.

డైనమో చేసే పని

మన ఊళ్ళలో అందరూ డైనమో అంటాం గానీ ఇప్పటి కార్లలో ఉండేది ఆల్టర్నేటర్. పాత అంబాసిడర్, ఫియట్ బండ్లలో నేరుగా డీసీ కరెంటు ఇచ్చే అసలు డైనమోలు ఉండేవి. 1960లో అమెరికాలో క్రిస్లర్ కంపెనీ తన వేలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టాక, మెల్లగా ప్రపంచమంతా దానికే మారింది. పేరు మాత్రం మిగిలిపోయింది. హోసూరులో అడిగినా, సోలాపూర్‌లో అడిగినా, బరంపురంలో అడిగినా మెకానిక్ నోటి వెంట 'డైనమో' అనే మాటే వస్తుంది. స్టార్టర్ మోటారుని 'సెల్ఫ్' అన్నట్టే ఇదీ.

ఇంజిన్ తిరుగుతుంటే బెల్టు ద్వారా ఆల్టర్నేటర్ పుల్లీ తిరుగుతుంది. లోపల రోటర్ అనే అయస్కాంతపు చుట్ట ఉంటుంది. దానికి కొద్దిపాటి కరెంటు అందించేవే కార్బన్ బ్రష్‌లు. రోటర్ తిరిగితే చుట్టూ ఉన్న స్టేటర్ తీగల్లో ఏసీ కరెంటు పుడుతుంది. బ్యాటరీకి ఏసీ పనికిరాదు కాబట్టి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఇంజిన్ వేగం పెరిగినా తగ్గినా వోల్టేజీ ఒక హద్దులో ఉండేలా రెగ్యులేటర్ చూసుకుంటుంది.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. బ్యాటరీ ముఖ్యంగా ఇంజిన్ స్టార్ట్ చేయడానికి. బండి నడిచేటప్పుడు లైట్లు, ఏసీ, వైపర్లు, ఇంజిన్ కంప్యూటర్, పెట్రోల్ పంపు, అన్నిటికీ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటరే. అదే సమయంలో బ్యాటరీని మళ్ళీ నింపేదీ అదే. ఆల్టర్నేటర్ ఆగితే ఆ భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. కొత్త బ్యాటరీ అయినా గంట, మహా అయితే గంటన్నర. అందుకే మొదట అడగాల్సిన ప్రశ్న 'బ్యాటరీ పోయిందా?' కాదు, 'బ్యాటరీకి ఛార్జింగ్ వస్తోందా?' అన్నది.

టెర్మినల్ పీకే పరీక్ష చేయనివ్వకండి

రోడ్డు పక్క షాపుల్లో ఇప్పటికీ ఒక పాత అలవాటు ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తారు. ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు, ఆగితే పోయినట్టు లెక్క. కంప్యూటర్ లేని పాత బండ్లలో ఇది నడిచింది.

ఇప్పటి కార్లలో ఇది ప్రమాదం. ఆల్టర్నేటర్ ఇస్తున్న కరెంటులో కొంత భాగం బ్యాటరీలోకి పోతుంటుంది. ఒక్కసారిగా ఆ దారి మూసేస్తే రోటర్‌లోని అయస్కాంత శక్తి తగ్గడానికి కొంత సమయం పడుతుంది. ఆ లిప్తకాలంలో వోల్టేజీ ఎగసిపడుతుంది. రక్షణ లేని ఆల్టర్నేటర్లో అది 100 వోల్టుల దరిదాపులకు వెళ్ళగలదు. 12 వోల్టుల కోసం తయారైన ఈసీయూ, ఎయిర్‌బ్యాగ్ యూనిట్, మ్యూజిక్ సిస్టమ్ మీద అంత దెబ్బ పడితే ఆ నష్టం ముందు డైనమో ఖర్చు చిన్నదైపోతుంది. ఆల్టర్నేటర్లోని డయోడ్లు కూడా పోవచ్చు. పైగా బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేచే భయం. ఇంజిన్ ఆగలేదంటే కొంత కరెంటు వస్తోందని మాత్రమే తెలుస్తుంది. సరిపడా వస్తోందో లేదో ఈ పరీక్ష చెప్పదు. మీ బండి మీద ఎవరైనా ఈ పని చేయబోతే మర్యాదగానే ఆపండి. మీటరు పెట్టి చూడమనండి.

కావలసినవి, జాగ్రత్తలు

ఇంటి కరెంటు పనికి వాడే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. దాన్ని డీసీ 20 వోల్టుల గుర్తు మీద పెట్టండి. ఎర్ర పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, నల్ల పుల్ల మైనస్ మీద ఉంచాలి. తారుమారైతే అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది, అంతే.

మీటరు వైర్లలో ఎర్రదాన్ని పొరపాటున '10 ఆంపియర్' రంధ్రంలో పెట్టి బ్యాటరీ మీద పెట్టకూడదు. అది నేరుగా షార్ట్ చేసినట్టే. బండి గాలి ఆడే చోట ఉండాలి, మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపకూడదు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. చీర కొంగు, చున్నీ, వదులు చేతుల చొక్కా, మెడలో వేలాడే గొలుసు బెల్టు దగ్గరికి రాకూడదు. ఉంగరం, స్టీలు గడియారం తీసేయండి. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, దాని దగ్గర చెయ్యి పెట్టకండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గరలో అగ్గిపుల్ల, బీడీ ఏదీ వద్దు.

మీటరు కంటే ముందు కళ్ళు

తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు చూడండి. ఎర్ర బ్యాటరీ గుర్తు వెలగాలి. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగితే ఛార్జింగ్ లేదని అర్థం. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోయినా అనుమానించాలి. చాలా పాత మోడళ్ళలో ఆ బల్బు గుండా వెళ్ళే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌ని మేల్కొలుపుతుంది. బల్బు మాడినా, ఆ సన్న వైరు తెగినా ఆల్టర్నేటర్ బాగుండి కూడా ఛార్జింగ్ ఇవ్వకపోవచ్చు.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బెల్టు చూడండి. పగుళ్ళు ఉన్నాయా, లోపలి వైపు అద్దంలా మెరుస్తోందా, వదులుగా ఉందా? స్టార్ట్ చేసినప్పుడు 'కీఁచ్' మని అరిస్తే బెల్టు జారుతోందన్నమాట. తర్వాత టెర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే కరెంటుకి అది అడ్డం. చేత్తో కదిపితే కదలకూడదు. శుభ్రం చేయాలంటే ఇంజిన్ ఆపి, ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పండి. వంటసోడా కలిపిన వేడినీళ్ళతో, పాత బ్రష్‌తో రుద్ది, ఆరాక ముందు ప్లస్, చివర మైనస్ బిగించండి. పైన కాస్త వ్యాజలీన్ రాస్తే పొడి మళ్ళీ త్వరగా పట్టదు. చాలా బండ్ల జబ్బు ఇక్కడే కుదురుతుంది.

నాలుగు అంకెలు

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని ఒక్కో అంకె రాసుకోండి.

ఒకటి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు. బండి రాత్రంతా నిలిచి ఉన్నాక ఉదయాన్నే చూస్తే మంచిది. అప్పుడే నడిపి ఆపిన బండిలో అంకె లేని బలం చూపిస్తుంది. అలాంటప్పుడు హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి, ఆర్పి, కాసేపాగి చూడండి. 12.6 లేదా ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పాతిక. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతు. ఇంకా కిందకి పోతే ఖాళీ. బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు, అందుకే ఆ 12.6. బ్యాటరీ సగం కంటే తక్కువగా ఉంటే మిగతా పరీక్షలకు ముందు బయట ఛార్జర్‌తో నింపించండి.

రెండు, సెల్ఫ్ కొట్టేటప్పుడు. ఒకరు తాళం తిప్పుతుంటే మరొకరు మీటరు చూడాలి. అంకె పడిపోతుంది, కానీ 9.6 కంటే కిందకి పోకూడదు. నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీ కూడా 8కో 7కో జారితే అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు. సెల్ఫ్ మోటారు బిగుసుకుపోయినా ఇలాగే పడుతుంది కాబట్టి షాపులో బ్యాటరీని విడిగా లోడ్ టెస్ట్ చేయించాకే తీర్పు చెప్పాలి.

మూడు, ఇంజిన్ నడుస్తూ, లైట్లు, ఏసీ అన్నీ ఆపి ఉన్నప్పుడు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి 1500 నుంచి 2000 ఆర్పీఎం దగ్గర ఉంచండి. అంకె 13.8 నుంచి 14.5 మధ్యకి రావాలి. కొన్ని బండ్లలో 14.7 దాకా ఉంటుంది. మొదటి అంకె 12.5 ఉండి, ఇంజిన్ నడిచినా 12.5 దగ్గరే ఉండిపోతే, లేదా నిమిషనిమిషానికీ దిగిపోతుంటే ఛార్జింగ్ రావడం లేదు. మా బండిలో కనిపించిన 12.1 ఇదే కథ. 15 దాటితే అది వేరే జబ్బు. రెగ్యులేటర్ అదుపు తప్పింది. బ్యాటరీ నీళ్ళు ఆవిరై, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. బల్బులు తరచూ మాడిపోతాయి. అలాంటి బండిని నడపకుండా రెగ్యులేటర్ మార్పించండి.

నాలుగు, బరువు పెట్టి. అదే 2000 ఆర్పీఎం దగ్గర హెడ్‌లైట్లు హైబీమ్‌లో, బ్లోయరు ఫుల్లుగా, వెనక అద్దం హీటరు ఉంటే అదీ, ఏసీతో సహా అన్నీ వేయండి. ముందు కాస్త తగ్గి, తర్వాత 13.2 పైన నిలబడాలి. మూడో అంకె బాగుండి, నాలుగో అంకె 13 కంటే కిందకి జారుతుంటే ఆల్టర్నేటర్ కుంటుతోందనో, బెల్టు జారుతోందనో, దారిలో వైరు తినేస్తోందనో అర్థం. బ్యాటరీ షాపులో సాధారణంగా మూడో అంకె దగ్గరే ఆగిపోతారు. రాత్రి వర్షంలో మిమ్మల్ని ఇంటికి చేర్చేది నాలుగో అంకె.

ఆల్టర్నేటర్ బాగుండి కూడా ఛార్జింగ్ రాకపోతే

ఆల్టర్నేటర్ వెనక ఒక లావుపాటి బోల్టు, దానికి బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే మందపాటి వైరు ఉంటాయి. ఇంజిన్ ఆపి ఉన్నా ఆ బోల్టులో కరెంటు ఉంటుంది. స్పానర్ తగిలి ఇంజిన్‌కి ఆనిందా, నిప్పులే. మీటరు పుల్ల మాత్రమే పెట్టండి.

నాలుగో పరీక్షలో లాగే అన్నీ వేసి, ఎర్ర పుల్ల ఆ బోల్టు మీద, నల్ల పుల్ల బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. రెండూ ప్లస్సే కదా అని సందేహించకండి. ఆ వైరు దారిలో ఎంత పోగొట్టుకుంటోందో ఆ అంకె చెబుతుంది. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే పర్వాలేదు. 0.5 దాటితే వైరు, నట్టు, మెయిన్ ఫ్యూజ్ లింకు, ఎక్కడో అడ్డం ఉంది. తర్వాత ఎర్ర పుల్ల బ్యాటరీ మైనస్ మీద, నల్ల పుల్ల ఆల్టర్నేటర్ లోహపు ఒంటి మీద పెట్టండి. ఇది 0.2 దాటకూడదు. దాటితే ఎర్తింగ్ పట్టీ తుప్పు పట్టింది.

ఉదాహరణకి ఆల్టర్నేటర్ దగ్గర 14.3, బ్యాటరీ దగ్గర 13.1 వస్తే 1.2 వోల్టులు దారిలో పోయాయి. ఆల్టర్నేటర్ మార్చినా ఆ 1.2 అలాగే పోతుంది. ఒక నట్టు బిగించి, రెండు కొసలు గరుకు కాగితంతో రుద్దితే తీరే పని ఇది.

డయోడ్లు, ఆంపియర్లు

ఒక డయోడు పోతే ఆల్టర్నేటర్ పూర్తిగా ఆగిపోదు, తగ్గిన బలంతో నడుస్తుంది. డీసీలో ఏసీ అలలు కలుస్తాయి. హెడ్‌లైట్లు మినుకుమంటాయి, రేడియోలో ఇంజిన్ వేగంతో పాటు ఈల వినిపిస్తుంది. మీటరుని ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తూ లైట్లు వేసి ఉండగా బ్యాటరీ మీద చూడండి. 0.1 లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే డయోడ్ ప్లేటు చూపించాలి. ఒక చిక్కుంది. చవక మీటర్లు కొన్ని ఏసీ స్థానంలో డీసీని కూడా లెక్కపెట్టి 25, 30 అని చూపిస్తాయి. ముందు ఇంజిన్ ఆపి అదే స్థానంలో చూడండి. సున్నా రాకపోతే ఆ మీటరు ఈ పరీక్షకి పనికిరాదు.

వోల్టులు ఒత్తిడి అయితే ఆంపియర్లు ప్రవాహం. ఆల్టర్నేటర్ ఒంటి మీద చీటీలో '14 వోల్ట్ 90 ఆంపియర్' అన్నట్టు రాసి ఉంటుంది. రాత్రి వర్షంలో ఖర్చు సుమారుగా వేసుకుందాం. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లకు 8, వెనక లైట్లు, మీటరు లైట్లకు 3, వైపర్లకు 4, బ్లోయరుకు 15, రేడియేటర్ ఫ్యానుకు 12, పంపు, ఇంజెక్టర్లు, కంప్యూటర్‌కు 12. మొత్తం 54 ఆంపియర్లు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ చీటీ మీద అంకెలో సగం ఇస్తే గొప్ప. అంటే ఆ కాసేపు మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది.

ఆంపియర్లు కొలవడానికి డీసీ క్లాంప్ మీటరు కావాలి. ఇంటి వైరింగ్ వాళ్ళ దగ్గర ఉండే ఏసీ క్లాంప్ పనికిరాదు. ఆల్టర్నేటర్ మందపాటి వైరు చుట్టూ దాన్ని తగిలించి చూస్తారు. ఆల్టర్నేటర్ అడిగినంతే ఇస్తుంది కాబట్టి తక్కువ ఆంపియర్లు కనిపించినంత మాత్రాన అది పోయినట్టు కాదు. అన్నీ వేసి ఉంచి, వోల్టేజీ 13 కిందకి జారుతున్నా 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ 40 దగ్గరే ఆగిపోతే అప్పుడు లోపం లోపలే ఉంది.

కొత్త కార్లలో తేడా

ఈమధ్య వచ్చిన చాలా కార్లలో ఛార్జింగుని కంప్యూటర్ నడిపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే మైలేజీ కోసం 12.6, 12.8 దాకా దించుతుంది, బ్రేక్ వేసినప్పుడు 14.8 దాకా పెంచుతుంది. మైనస్ టెర్మినల్ మీద చిన్న డబ్బాలాంటి సెన్సర్, దానికి సన్న వైరు కనిపిస్తే మీది అలాంటి బండి కావచ్చు. ఇందులో ఒక్క అంకె చూసి భయపడకండి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి అంకె పైకి కదులుతుందేమో చూడండి. కదలకపోతే స్కానర్ ఉన్న చోట చూపించండి.

ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచే చిన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుతుంది. వాటిలో, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తొడుగున్న వైర్లు కనిపిస్తే చెయ్యి పెట్టవద్దు. అవి ప్రాణాంతకం.

అంకెలన్నీ బాగున్నా బ్యాటరీ దిగిపోతే

అప్పుడు తప్పు ఛార్జింగుది కాదు, ఆపి ఉంచినప్పుడు కారుతున్న కరెంటుది. తాళం తీసినా అలారం, గడియారం, కంప్యూటర్ జ్ఞాపకం కొంత వాడుకుంటాయి. అన్ని తలుపులూ వేసి అరగంట ఆగాక అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్, డ్యాష్ కెమెరా, ఆరని డిక్కీ లైటు దీన్ని పెంచుతాయి.

50 మిల్లీ ఆంపియర్లు రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. 30 రోజులకి 36. చిన్న కార్ల బ్యాటరీ ఉండేదే 35. అంటే సంక్రాంతికో, వేసవి సెలవులకో బండిని ఇంటి దగ్గర వదిలి రైలెక్కి నెల రోజులు సొంతూరిలో ఉండి వస్తే, ఏ లోపమూ లేని బండి కూడా స్టార్ట్ కాకపోవచ్చు. వెళ్ళే ముందు మైనస్ టెర్మినల్ విప్పి వెళ్ళండి. తలుపులు తాళంచెవితో తెరుచుకుంటాయో లేదో ముందు చూసుకోండి. అప్పటికే పూర్తిగా దిగిపోతే జంపర్ వైర్లతో స్టార్ట్ చేసి ఆల్టర్నేటర్ మీద వదిలేయకండి. ఖాళీ బ్యాటరీని మొదటి నుంచి నింపడం ఆల్టర్నేటర్‌కి పెద్ద బరువు, వేడెక్కిపోతుంది. బయట ఛార్జర్‌తో మెల్లగా, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే 3.5 ఆంపియర్ల దగ్గర, రాత్రంతా పెట్టించండి.

ఊరిని బట్టి జబ్బు

మనవాళ్ళు ఉండే ఊళ్ళను బట్టి బండి జబ్బులూ మారతాయి. యానాం, గోపాలపురం వైపు ఉప్పుగాలికి టెర్మినల్స్, ఎర్తింగ్ పట్టీలు త్వరగా తుప్పు పడతాయి. అక్కడ వైరు పరీక్ష ముఖ్యం. బళ్ళారి, సోలాపూర్ ఎండలకి బ్యాటరీ నీళ్ళు త్వరగా తగ్గుతాయి. బానెట్ కింద బాగా వేడెక్కినప్పుడు రెగ్యులేటర్ తనంతట తానే 13.6 దాకా దించవచ్చు, అది లోపం కాదు. భీమండి, బెంగళూరు ట్రాఫిక్‌లో గంటల తరబడి నిలబడే బండికి బ్యాటరీ నిండే అవకాశమే తక్కువ. వారానికోసారైనా ముప్పావుగంట ఆగకుండా నడపడం మేలు. పిల్లల్ని బడిలో దింపడానికి మాత్రమే తీసే బండికీ ఇదే మాట.

దారిలో ఎర్రలైటు వెలిగితే

నేను చేసిన తప్పు మీరు చేయకండి. వెంటనే ఏసీ, బ్లోయరు, పాటలు, ఫోన్ ఛార్జర్ ఆపండి. రాత్రయితే హెడ్‌లైట్లు మాత్రం ఆపకూడదు. ఇంజిన్ వేడి చూపే ముల్లు లేదా గుర్తు చూడండి. కొన్ని బండ్లలో ఆ బెల్టే నీళ్ళ పంపునీ తిప్పుతుంది. బెల్టు తెగి వేడి పెరుగుతుంటే అక్కడే పక్కకి ఆపాలి, లేకపోతే ఇంజిన్ పోతుంది. వేడి మామూలుగా ఉంటే ఇంజిన్ ఆపకుండా దగ్గరలోని పెట్రోల్ బంకుకో, వెలుతురున్న దాబాకో చేరండి. ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. 'ఇంకో 40 కిలోమీటర్లే కదా' అనుకోకండి.

మెకానిక్ దగ్గర

బరంపురంలో మా వీధి మెకానిక్ ఒడియాలో మాట్లాడతాడు. సోలాపూర్‌లో మరాఠీ, హోసూరులో తమిళమో కన్నడమో. బండి జబ్బు పరాయి భాషలో వివరించలేక 'ఏదో ఒకటి మార్చేయండి' అనేసే వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు కాగితం మీద నాలుగు అంకెలు రాసి చేతిలో పెడతాను. ఆపి ఉంటే ఇంత, సెల్ఫ్ కొడితే ఇంత, నడిస్తే ఇంత, లైట్లు వేస్తే ఇంత. అంకెలు ఏ భాషవాడికైనా ఒకటే. పైగా ఈయన చూసుకుని వచ్చాడని అతనికి అర్థమవుతుంది.

ఆల్టర్నేటర్ పోయిందని తేలినా మొత్తం మార్చాలని లేదు. కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు, బేరింగులు చాలా మోడళ్ళకి విడిగా దొరుకుతాయి. విప్పి చూపించమనండి. మార్చిన పాత ముక్క అడిగి తీసుకోండి. పని అయ్యాక బండి తాళం తీసుకునే ముందు మూడో అంకె, నాలుగో అంకె మీ కళ్ళ ముందే మళ్ళీ చూపించమనండి.

ఆ పాత బ్రష్ ముక్కలు రెండూ నా డ్యాష్‌బోర్డు సొరుగులోనే ఉన్నాయి. వాటి పక్కనే మీటరు. దూర ప్రయాణం ఉన్న రోజు ఉదయం కొబ్బరికాయ కొట్టే ముందు బానెట్ ఎత్తి అంకె చూస్తాను. అమ్మ పక్కన నిలబడి, "ఎంతొచ్చిందిరా?" అని అడుగుతుంది. 14.2 అని చెబితేనే బండెక్కుతుంది.